పేరు చెప్పని మొక్క కోసం మిల్టన్ కీన్స్ దాకా

ఇది సప్త సముద్రాలు దాటి ఒక వంశ రహస్యాన్ని సాధించుకొచ్చిన వీరుడి కథ. ఇందులో మౌనవ్రతం ఉంది, గాజుతో కట్టిన అడవి ఉంది, విషపు ఆకు ఉంది, ఎనభై ఒక్క ఏళ్ళ వృద్ధుడు పరాయి దేశపు నేల మీద మోకరిల్లే ఘట్టం ఉంది.

నిజానికి అంత లేదు. మా అమ్మ ఒక మొక్క పేరు కనుక్కుని రమ్మంది, వెళ్ళాను. సముద్రాలు ఎన్ని దాటానో తెలియదు, కిటికీ పక్క సీటు దొరకలేదు.

సంగతేమిటంటే, పెద్దాపురం పక్కన మా ఊళ్ళో మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, పచ్చకామెర్లకి పసరు మందు ఇచ్చేవాడు. ఆదివారం తెల్లవారకముందే లేచి, మొహం కడుక్కోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి ఏదో ఆకు కోసుకొచ్చి, కల్వంలో నూరి, మజ్జిగలో కలిపి, అరుగు మీద కూర్చున్న వాళ్ళకి తాగించేవాడు. డబ్బు పుచ్చుకోడు. పథ్యం మాత్రం గట్టిగా చెప్తాడు: నూనె లేదు, మాంసం లేదు, నెల్లాళ్ళు మందు ముట్టకూడదు. ఆ రెండో మందు తనది కాదు.

దీనికి నియమాలున్నాయి. మొక్క పేరు పైకి చెబితే గుణం పోతుంది. నేర్చుకునేవాడికి నేలలో ఉన్న మొక్కని చూపించాలి తప్ప చెప్పకూడదు, అదీ ఆదివారమే, అదీ ఇంట్లో ఒక్కరికే. ఆడపిల్లలకి అసలు చూపించకూడదు, వాళ్ళు వేరే ఇంటికి వెళ్తారు కాబట్టి మందు కూడా వెళ్ళిపోతుంది. తాతయ్యకి ఇద్దరూ ఆడపిల్లలే. అందుకని వారసత్వం కూతురి కొడుకునైన నాకు రావాలని ఎప్పుడో తీర్మానమైంది. నేను కూడా ఆ వేరే ఇంటివాడినే కదా అని ఒకసారి అడిగాను. భోజనానికి లెమ్మన్నారు.

అమ్మమ్మ పోయాక పిన్ని తాతయ్యని ఇంగ్లండు తీసుకెళ్ళిపోయింది. ఆ తరవాత ఆయన గుండెకి ఆపరేషనైంది, విమానం ఎక్కించడానికి పిన్ని ఒప్పుకోదు. ఇక్కడ అరుగు మీదకి జనం రావడం ఆగలేదు. "ఊరి మందు పట్టుకుపోయి లండన్లో పెట్టుకున్నారు" అని ఒకావిడ మా అమ్మని మొహం మీదే అనేసి వెళ్ళింది. పక్కూళ్ళో ఒకాయన కొత్తగా పసరు మొదలుపెట్టాడు. అందులో ఏం వేస్తాడో ఆయనకీ తెలియదని చెప్పుకుంటున్నారు.

అమ్మ వీడియో కాల్ ప్రయత్నం కూడా చేసింది. ఆదివారం తెల్లవారుజామున ఫోను పట్టుకుని కాలవ గట్టంతా తిప్పి చూపించింది. తాతయ్య అటు ఒక్కసారి చూసి, "ఇక్కడింకా శనివారమే" అని పెట్టేశాడు.

ఆయన తరవాత ఆ పేరు తెలిసినవాళ్ళు భూమ్మీద ఉండరు. నన్ను అప్పుడే కంపెనీవాళ్ళు ఉద్యోగం నుంచి విముక్తుణ్ణి చేశారు. టిక్కెట్టు పిన్ని కొంది. అలా పన్నెండు రోజుల దండయాత్ర మొదలైంది.

ఈస్ట్ హామ్: హెయిర్ ఆయిల్ శాఖ

మొదటి రాత్రి లండన్లో, ఈస్ట్ హామ్ అనే పేటలో, మా కాలేజీ స్నేహితుడు రాజేష్ ఫ్లాట్లో పడుకున్నాను. రెండు గదులు, ఐదుగురు మనుషులు, ఒక కుక్కరు. కుక్కరు వంతు ఎవరిదో గోడ మీద రోటా రాసి ఉంది.

ఈస్ట్ హామ్ వీధిలో నడుస్తుంటే విదేశం వచ్చినట్టు ఉండదు. మసాలా దోసె ఆరు పౌండ్లన్నప్పుడు ఉంటుంది. కరివేపాకు చిన్న ప్యాకెట్లో కట్టి పౌండుకి అమ్ముతున్నారు. మా ఊళ్ళో కూరలు కొన్నవాడికి కరివేపాకు ఊరికే వేస్తారు, వెయ్యకపోతే దెబ్బలాట. ఇక్కడ దాన్ని ఒక్కొక్క రెబ్బా లెక్కపెట్టి వాడతారు, చివర్లో పారెయ్యకుండా తింటారు. డబ్బు పెట్టి కొంటే ఏ ఆకైనా నమలబుద్ధేస్తుంది.

నేనొచ్చిన పని చెప్పాను. ఎవరూ నవ్వలేదు, నవ్వడానికి కూడా ఓపిక లేదు, అందరూ షిఫ్టులు చేసి వచ్చారు. సరదాకి ఒక పోటీ పెట్టాను: మందు మొక్కల పేర్లు ఎవరికెన్ని తెలుసు? ఆరుగురం కలిసి పదకొండు చెప్పాం. వాటిలో నాలుగు హెయిర్ ఆయిళ్ళు, రెండు టూత్‌పేస్టులు.

రాజేష్ తలకి రాసుకునే సీసా తీసి చూపించాడు. "ఇది భృంగరాజ్. పదకొండు పౌండ్లు. హిమాలయాల్లో దొరుకుద్దంట."

"అది గుంటగలగరాకురా" అన్నాను. ఈ ఒక్కటీ నాకు తెలుసు, అమ్మ నూనె కాస్తుంది.

"ఏ గుంటగలగర? మా పెరట్లో బోరింగు దగ్గర, బురదలో ఉంటుంది, అదా?"

"అదే."

రాజేష్ సీసా వెనక్కి తిప్పి చదివాడు. "అయితే దీనికి పేరు మార్చి అమ్ముతున్నారా?"

"నువ్వూ అందుకేగా కొన్నావ్."

పక్క గదిలోంచి ఎవరో, "బోరింగు దగ్గరిదైతే నాకొద్దు" అన్నారు. అంతవరకు ఆ సీసాని అందరూ దొంగతనంగా వాడుతున్నారని ఆ రాత్రే బయటపడింది.

మిల్టన్ కీన్స్: టీ తాగు

మిల్టన్ కీన్స్‌లో రోడ్లన్నీ గళ్ళ నోటుపుస్తకంలా ఉంటాయి. ప్రతి గడి చివరా ఒక రౌండబౌట్, అంటే చుట్టూ తిరిగి వెళ్ళాల్సిన గుండ్రటి కూడలి. స్టేషన్ నుంచి పిన్ని కారులో వాళ్ళింటికి వచ్చేలోపు తొమ్మిది రౌండబౌట్లు తిరిగాం, తిరుపతి ఘాట్ రోడ్డులో కూడా నాకు అంత తిప్పలేదు.

పిన్ని ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. దేనికి డాక్టరంటే, లివర్‌కి. కామెర్ల మందు ఇచ్చే ఆయన కూతురు కామెర్ల డాక్టరు. ఈ విషయంలో దేవుడికి హాస్యం ఎక్కువైందని నేనంటే, "స్కాలర్‌షిప్ అందులోనే వచ్చింది" అంది పిన్ని. బాబాయి మత్తు డాక్టరు. రోటాలో రాత్రులు పడుతున్నాయి. ఆయన్ని మొదటి మూడు రోజుల్లో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ నిద్రపోతున్నాడు. వాళ్ళమ్మాయి మీరాకి పధ్నాలుగేళ్ళు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, టీవీలో వార్తలు చదివినట్టు చెప్తుంది.

తాతయ్య హాల్లో, గది వెచ్చబెట్టే రేడియేటరు పక్కన కుర్చీలో ఉన్నాడు. స్వెట్టరు, దాని మీద కోటు, మంకీ క్యాపు. అది ఆగస్టు.

"ఏరా అబ్బాయ్, వచ్చేవా? దార్లో ఏం పెట్టేరు?"

"బ్రెడ్డు, తాతయ్యా."

"మీ అమ్మ పేరు కనుక్కురమ్మని పంపిందంట గదా."

"అవును."

"చెప్పను. టీ తాగు."

దండయాత్ర ప్రారంభమైన రెండు నిమిషాలకే ముగిసింది. టీ బాగుంది.

నేను వదల్లేదు. బొమ్మ వెయ్యమన్నాను. చాలాసేపు కష్టపడి వేశాడు. కొత్తిమీరలా వచ్చింది. గుర్తులు చెప్పమంటే, "ఆకు ఇలా ఉంటది" అని వేళ్ళు చూపించి, వంటింట్లో పిన్ని అలికిడి వినగానే వేళ్ళు ముడుచుకున్నాడు.

మీరా ఫోన్‌లోంచి తలెత్తి, "సో ఈజ్ ఇట్ లైక్ ఎ స్పెల్?" అంది.

"ఏంటంటది?" అన్నాడు తాతయ్య.

"మంత్రమా అంటోంది."

"మంత్రమేంటి, వైద్యం! పేరు చెప్తే గుణం పోద్ది, అంతే."

పిన్ని గరిటెతో సహా హాల్లోకి వచ్చింది. "నాన్నా, నా క్లినిక్కి ఏవేవో పసర్లు తాగి లివర్ పాడు చేసుకున్నవాళ్ళు వస్తారు. ఏం తాగారమ్మా అంటే తెలీదంటారు. ఇచ్చినాయన పేరు చెప్పలేదంటారు. పేరు తెలిస్తే కదా నేను విరుగుడు చూసేది! ఈ పేరు చెప్పకపోవడం అనే దరిద్రం ఎవరు కనిపెట్టారో గానీ..."

"మా నాన్న" అన్నాడు తాతయ్య.

ఆ మాటతో వంటింట్లో పోపు మాడింది.

తరవాత గిన్నెలు తుడుస్తూ పిన్ని నాతో మెల్లగా అంది: "చాలామందికి కామెర్లు వాటంతటవే తగ్గుతాయిరా. విశ్రాంతి, పథ్యం ఉంటే చాలు. నాన్న చేసిన మేలంతా ఆ పథ్యంలోనే ఉంది. ఈ మాట ఆయనతో అనకు."

"నువ్వు అనొచ్చుగా?"

"ఎనభై ఒకటి దాటాక అనాలా?" అని గిన్నె నా చేతికిచ్చింది. పదేళ్ళప్పుడు తనకీ మొక్క చూపించమని తాతయ్యని అడిగిందట. నువ్వు వేరే ఇంటికి పోయేదానివి అన్నాడట. "పోయాను. చూడు ఎంత దూరం పోయానో" అంది.

కాలవ గట్టు: విషపు ఆకు ఘట్టం

మా ఊరి కాలవ లాంటిదే ఇక్కడా ఒకటుంది, పడవల్లో మనుషులు కాపురాలుంటారు. పడవ మీద పూలకుండీలు, సైకిలు, ఒక కుక్క. తాతయ్య రోజూ గట్టు మీద నడుస్తాడు. ఎదురొచ్చిన ప్రతి ఒక్కరూ "మార్నింగ్" అంటారు, ఆయన ప్రతి ఒక్కరికీ "ఆఁ" అంటాడు. రెండేళ్ళుగా ఈ స్నేహాలు ఇలాగే వర్ధిల్లుతున్నాయి.

మూడో రోజు మీరా కూడా వచ్చింది. తాతయ్య కర్రతో గట్టు పక్క గుబురు చూపించి, "అబ్బాయ్, ఆ అడుగున చిన్నదేదో ఉంది, చూడు" అన్నాడు. మా మొక్కేనేమోనని ఆవేశంగా చెయ్యి పెట్టాను. చిన్నది ఏమీ లేదు. పెద్దదానికి మాత్రం ముళ్ళలాంటి నూగు ఉంది. మోచెయ్యి దాకా నిప్పు అంటుకుంది. మన దురదగొండికి దగ్గర బంధువులా ఉంది, మర్యాద మాత్రం అంతకన్నా తక్కువ.

నేను గౌరవప్రదంగా అరిచాను. పడవ మీద కుక్క లోపలికి వెళ్ళిపోయింది.

"ఇట్స్ జస్ట్ నెటిల్స్" అంది మీరా. నాలుగడుగులు వెతికి, వెడల్పాటి ఆకొకటి తెంపి, నలిపి, నా చెయ్యంతా రుద్దింది. మొహంలో ఏ హడావుడీ లేదు. మా చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే గడ్డి చేమంతి ఆకు అరచేతిలో నలిపి పిండేవాళ్ళం, ఇలాగే, ఎవరు నేర్పారో తెలియకుండా. ఆ మొక్కనిప్పుడు చూపించి పేరడిగితే మా ఊరి పిల్లల్లో ఎంతమంది చెప్తారో నాకనుమానమే.

తాతయ్య ఆ ఆకు తీసుకుని తిప్పి చూశాడు, వాసన చూశాడు. "దీని పేరేంటమ్మా?"

"డాక్ లీఫ్, తాతయ్యా."

"నీకెవరు చూపించేరు?"

"ఎవ్రీబడీ నోస్. లైక్, ఫ్రమ్ నర్సరీ."

"నర్సరీ బడి నుంచే అందరికీ తెలుసట" అని నేను తెలుగులో చెప్పాను.

"అందరికీ తెలుసా? ఆడపిల్లలకీ?"

మీరా నా వైపు చూసింది, ఇది నిజంగా ప్రశ్నేనా అన్నట్టు.

"పేరు కూడా చెప్పేసింది" అన్నాడు తాతయ్య, తనలో తను. తరవాత నా మొహంలోకి చూశాడు. "తగ్గిందా?"

చెయ్యి చూసుకున్నాను. అటుకులు ఆరబోసినట్టు దద్దుర్లు. మంట పెరిగిందే గానీ తగ్గలేదు. ఎదురుగా ఇటు మనవరాలు, అటు తాతయ్య.

"తగ్గింది" అన్నాను.

సాయంత్రం దాకా ఆ చెయ్యి జేబులో పెట్టుకు తిరిగాను. కానీ తాతయ్య ఆ ఆకుని రుమాలులో చుట్టుకున్నాడు. ఇంటి మలుపు దగ్గర ఆగి, "మొక్కంటూ కనబడితే చూపిస్తాను. ఆదివారం అయ్యుండాలి. ఎవరున్నా పర్లేదు" అన్నాడు.

కనబడటమే సమస్య. మన ఎండకి మొలిచేది ఇక్కడ ఎందుకు మొలుస్తుంది? మీరాయే చెప్పింది: లండన్ వైపు ఒక పెద్ద తోటలో గాజు ఇల్లుంది, అందులో వేడి దేశాల మొక్కలన్నీ పెంచుతారు, స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారట.

పిన్ని వద్దంటుందనుకున్నాను. రోటా చూసి, "ఆదివారం నాకు ఆఫ్" అంది. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందని అప్పుడు నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, చెయ్యి మండుతోంది.

ఆదివారం: మౌనవ్రతం

పొద్దున్నే లేచేసరికి తాతయ్య తయారై ఉన్నాడు. మొహం కడుక్కోలేదు. మాట్లాడటం లేదు. మొక్క కోసేదాకా మాట్లాడకూడదు కదా, అది తొంభై కిలోమీటర్ల అవతలున్నా సరే.

అప్పుడే బాబాయి నైట్ డ్యూటీ నుంచి వచ్చాడు. ఆయన మేలుకుని ఉండగా చూడటం నాకదే మొదలు.

"ఏంటి మావయ్యగారూ, పొద్దున్నే రెడీ?"

తాతయ్య జవాబివ్వలేదు.

"మావయ్యగారూ?"

తాతయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. జుట్టు రేగి ఉంది, మొహం జిడ్డుగా ఉంది, మాట లేదు. బాబాయి బ్యాగు కింద పడేసి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మావయ్యగారూ, నవ్వండి. ఒకసారి నవ్వండి. రెండు చేతులూ పైకెత్తండి."

తాతయ్య కోపంగా చూశాడు. పక్షవాతం అనుమానం ఉన్నప్పుడు కోపంగా చూడటం లెక్కలోకి రాదట. బాబాయి ఫోను తీసి అంబులెన్సు నంబరు సగం నొక్కేశాడు. నేను మెట్ల మీంచి అరుస్తూ దిగాను: "ఆదివారం బాబాయ్! ఆదివారం!"

ఇది వైద్యపరంగా సరైన వివరణ కాదని ఆయన మొహంలో తెలిసింది. చివరికి తాతయ్యే రెండు చేతులూ ఎత్తి, పళ్ళన్నీ చూపించి నవ్వాడు, ఎలాంటి సంతోషమూ లేకుండా. బాబాయి నమస్కారం పెట్టి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

కారులో గంటన్నర తాతయ్య మూగగా కూర్చున్నాడు. వెనక సీట్లో పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, నాలుగు గొడుగులు.

గాజు అడవి

లోపలికి వెళ్ళడానికి మనిషికి ఇరవై పౌండ్ల పైమాటే. మన డబ్బుల్లో రెండువేలు దాటింది. మా ఊళ్ళో ఆ మొక్క దగ్గరికి వెళ్ళడానికి చెప్పులు కూడా అక్కర్లేదు.

గాజు ఇంట్లోకి అడుగు పెట్టగానే మొహానికి ఆవిరి కొట్టింది. కళ్ళద్దాలన్నీ మసకబారాయి. తాతయ్య ఆగి, మంకీ క్యాపు తీశాడు. తరవాత కోటు. తరవాత స్వెట్టరు. రెండేళ్ళలో మొదటిసారి ఉత్త చొక్కాతో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. మాట్లాడగలిగి ఉంటే ఇక్కడ గది అద్దెకిస్తారేమో కనుక్కోమనేవాడు.

అక్కడ ప్రతి మొక్కకీ పేరు పలక ఉంది. అరటికి ఉంది, మిరియం తీగకి ఉంది, తమలపాకుకి ఉంది. పేర్లన్నీ లాటిన్‌లో. పేరు పైకి చెబితే గుణం పోతుందనుకునే మనిషి, పేర్లు తగిలించుకుని నిలబడ్డ అడవిలో నడుస్తున్నాడు. ఒక్కొక్కదాని ముందు ఆగుతాడు, చూస్తాడు, చెయ్యి ఊపి ముందుకి కదులుతాడు. మీరా ఫోను యాప్‌తో ప్రతిదాన్నీ గుర్తుపడుతోంది. మేము గంటన్నర తిరిగాం. పలకలున్న మొక్క ఏదీ మాది కాదు.

తాతయ్య నడక నెమ్మదైంది. పిన్ని రెండుసార్లు ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది, చెయ్యి పట్టుకున్నట్టు నటిస్తూ. ఇక వెళ్దామని నేనే అనబోతున్నాను. మొక్క లేదని అమ్మకి ఎలా చెప్పాలో వాక్యం కూడా తయారు చేసుకున్నాను.

తలుపు దగ్గర పెద్ద కుండీలో తాటిచెట్టు లాంటిదొకటి ఉంది. తాతయ్య దాని పలక వంక చూడలేదు, చెట్టు వంకా చూడలేదు. కుండీ మొదట్లోకి చూశాడు. కర్ర నా చేతికిచ్చి, మెల్లగా మోకాళ్ళ మీదకి దిగాడు.

కుండీ మట్టిలో జానెడు మొక్క. సన్నటి ఆకులు, చింతాకులా. దానికి పేరు పలక లేదు. తాతయ్య ఆకుని వేలితో పైకెత్తి అడుగు చూపించాడు. ఈనె పొడుగునా ఆవగింజలంత కాయలు, వరసగా. నా చెయ్యి పట్టుకుని మొక్క మొదట్లో పెట్టాడు. కొయ్యి, అని కళ్ళతోనే చెప్పాడు.

మొక్కలు కొయ్యరాదు అన్న బోర్డు సరిగ్గా నా మోచేతికి తగులుతోంది.

అప్పుడే ఆకుపచ్చ ఏప్రను వేసుకున్న ఒక పెద్దావిడ వచ్చింది, అక్కడ స్వచ్ఛందంగా తోటపని చేస్తారట. ఆయనకేమైనా అయిందా, కుర్చీ కావాలా అని అడిగింది. బాగానే ఉన్నారు, ఈ మొక్కని చూస్తున్నారు అన్నాను. ఆవిడ వంగి చూసింది. మొహం ఎర్రబడింది. "అయ్యో, క్షమించండి. ఇది కలుపు. ఎంత పీకినా వస్తూనే ఉంటుంది" అని, మేమేమైనా అనేలోపు వేళ్ళతో సహా పీకి బకెట్లో పడేసింది. బకెట్ నిండా అదే.

ఇంకోసారి క్షమాపణ చెప్పి, తరవాతి కుండీకి వెళ్ళిపోయింది.

మొక్క కోయడమైతే అయింది. మాట్లాడొచ్చు. తాతయ్య నోరు తెరిచాడు.

"పీకేసింది."

"అవును తాతయ్యా."

"ఆవిడకెలా తెలిసింది?"

"ఆవిడకి తెలీదు. కలుపంటోంది."

"కలుపా" అన్నాడు. లేవబోయి, లేవలేక, అలాగే కూర్చుండిపోయాడు. వంశ రహస్యం బకెట్లో వెళ్ళిపోతోంది. మీరా యాప్ ఆ బకెట్‌ని ఫోటో తీసి అత్తిపత్తి అని తేల్చింది.

"అత్తిపత్తి కాదే" అంది పిన్ని వెనకనుంచి. "నేల ఉసిరి."

తాతయ్య తల తిప్పాడు.

"నీకెవరు చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదు నాన్నా. నువ్వు చూపించనన్నావుగా, ఆ ఆదివారం నీ వెనకాలే వచ్చాను. గట్టు కింద, చింతలవారి పొలం మొదట్లో. నువ్వు కోసుకుని వెళ్ళిపోయాక నేనూ ఒకటి కోసి, బళ్ళో మేష్టారికి చూపించి పేరు అడిగాను."

"పదేళ్ళప్పుడా?"

"పదేళ్ళప్పుడే."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే గుణం పోద్దన్నావు కదా. అరుగు మీద అంతమంది కూర్చుంటున్నారు. ఎలా చెప్తాను?"

లివర్ డాక్టరు ఈ మాట ఎంత మామూలుగా అందంటే, నేను కూడా ఒక్క క్షణం జోకు వెయ్యడం మర్చిపోయాను. కావాలనే వెయ్యలేదని చెప్పుకోవచ్చు, కానీ తట్టలేదు.

బెంచీ, పులిహోర

బయట బెంచీ మీద పులిహోర తిన్నాం. వాన సన్నగా పడుతోంది, ఇక్కడివాళ్ళు దాన్ని వాన కింద లెక్కెయ్యరు. తాతయ్య మళ్ళీ పొరలన్నీ తొడుక్కున్నాడు.

"అయితే ముప్ఫై ఏడేళ్ళు ఇద్దరికి తెలుసన్నమాట" అన్నాడు.

"అవును నాన్నా."

"అందులో ఒకత్తి ఆడపిల్ల."

"అవును."

"మరి గుణం పోలేదే."

పిన్ని నోరు తెరిచింది. దీనికి ఆమె దగ్గర జవాబుంది, గిన్నెలు తుడుస్తూ నాకు చెప్పినదే. పులిహోరలో జీడిపప్పు వెతికి తీసి, తాతయ్య ప్లేటులో వేసింది.

"ఆ పొద్దున మంచు పడుతుంది గదా గట్టు మీద" అన్నాడు తాతయ్య. "ఆ వారం నీకు జలుబు చేసినట్టుంది."

"చేసింది. నువ్వే మిరియాల పాలు కాచి ఇచ్చావు."

"వెనకాల వస్తున్నానని చెప్తే ఎత్తుకునేవాణ్ణి" అన్నాడు.

మీరా ఫోను పక్కన పెట్టింది. అది కూడా చరిత్రలో నమోదు కావాల్సిన విషయమే.

వెంబ్లీ: మూడో అర

తిరుగుదారిలో కూరగాయల కోసం వెంబ్లీలో ఆగాం. గుజరాతీ వాళ్ళ కొట్టు, బయట మామిడిపళ్ళ పెట్టెలు, లోపల అగరొత్తుల వాసన. మెంతికూర మూడు కట్టలు రెండు పౌండ్లు. దోసకాయ మాత్రం అడక్కండి.

బియ్యం బస్తాల వెనక మూడో అరలో ఏవో పొడుల ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. తాతయ్య అక్కడే నిలబడిపోయాడు. చూస్తే, ఒక ప్యాకెట్ మీద అదే మొక్క. రంగుల బొమ్మ. ఆకు తిరగేసి, కాయలు కనబడేలా. పేరు నాలుగు భాషల్లో. వంద గ్రాములు మూడు పౌండ్ల నలభై తొమ్మిది.

"ఫోటో కూడా వేసేసేరు" అన్నాడు తాతయ్య.

ఆయన బాధపడతాడని పిన్ని భయపడింది. ఆయన ప్యాకెట్ తిప్పి చూసి, వెనకేం రాశారో చదవమన్నాడు. నేను చదివాను. "పథ్యం గురించి ఏమైనా రాసేరా?" అన్నాడు. రాయలేదన్నాను. "అయితే పనిచెయ్యదు" అని ఆ అర మీదే తిరిగి పెట్టేసి మెంతికూర వైపు వెళ్ళాడు.

ఆ మాట పిన్ని విని, నా వైపు తిరిగి కనుబొమ్మలెత్తింది.

బయల్దేరేముందు

చివరి రోజు పొద్దున్న తాతయ్యని అడిగాను. "పేరు తెలిసింది కదా. ఇప్పుడు అరుగు మీదకొచ్చేవాళ్ళకి నేనేం చెయ్యాలి?"

"నన్నడుగుతావేంటి? మందు మీ పిన్నిది. నీకన్నా ముందు చూసింది."

లోపలికెళ్ళి, తువ్వాల్లో చుట్టిన నల్లరాతి కల్వం తెచ్చాడు. ఇంగ్లండు వచ్చేటప్పుడు విమానంలో చేతిసంచిలో తెచ్చుకున్నది, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వనిది. పిన్ని చేతిలో పెట్టాడు. పిన్ని అలవాటుగా డిష్‌వాషర్ తలుపు తెరిచి, మళ్ళీ మూసేసింది. కల్వాన్ని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆసుపత్రికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. ఆ ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదని మీరా చెప్పింది, తెలుగులో.

వెళ్ళేముందు పిన్ని వారసురాలి హోదాలో మొదటి ఆజ్ఞ జారీ చేసింది. వచ్చినవాళ్ళకి పథ్యం తాతయ్య చెప్పినట్టే చెప్పాలి, ఒక్క ముక్క తగ్గకుండా. రక్తపరీక్ష చేయించి, రిపోర్టు తనకి వాట్సాప్ చెయ్యాలి. పసరు సంగతి రిపోర్టు చూశాక ఆలోచిస్తుంది. ఇంతవరకూ ఆలోచించలేదు. ఆలోచించే ఉద్దేశం ఉన్నట్టు కూడా లేదు. తాతయ్య అడ్డు చెప్పలేదు. మందు తనది కాదు కదా.

ఇంటికొచ్చి అమ్మకి పేరు చెప్పాను. "నేల ఉసిరా? మెట్ల పక్కన బోలెడుంది, మొన్ననే పీకించాను" అంది. నా వీసా, మూడు విమానాలు, రెండు దద్దుర్ల మచ్చలు ఆ మాట విన్నాయి.

మొన్న ఆదివారం సామర్లకోట నుంచి ఒకాయన భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కళ్ళు పసుపుగా ఉన్నాయి. "తాతగారి మందు మళ్ళీ మొదలెట్టేరంట గదండీ?" అన్నాడు.

"మొదలెట్టాం. ఇప్పుడు వాళ్ళమ్మాయి గారు చూస్తున్నారు" అన్నాను.

ఆయన అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఇది చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను: లివర్ పరీక్షకి పరగడుపున వెళ్ళక్కర్లేదు. ఆదివారం మా ఊరి ల్యాబు ఉండదు. సోమవారం ఎనిమిదింటికి తీస్తారు. ఆధార్ జిరాక్సు ఒకటి పట్టుకెళ్ళాలి.